రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం: సొంతంగా లెక్కగట్టడం ఎలా?

హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం అని వెతికితే ఒకచోట 2,547 అని, ఇంకోచోట 1,583 అని, మరోచోట 1,375 అని కనిపిస్తుంది. మూడూ సరైనవే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. ఇక టికెట్ చూస్తే ఉదయం 10:00కి ఎక్కి 12:26కి దిగుతున్నట్టు ఉంటుంది. అయినా విమానంలో కూర్చునేది దాదాపు నాలుగు గంటలు.

ఈ చిక్కు అంతా ఒకే పేరుతో వేర్వేరు లెక్కలు తిరుగుతుండటం వల్ల వచ్చింది. కింది వరుసలో చేసుకుంటూ పోతే ఏ రెండు ఊళ్లకైనా పావుగంటలో జవాబు తేలుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- సైన్, కాస్ ఉన్న కాలిక్యులేటర్ (చాలా ఫోన్లలో కాలిక్యులేటర్ తెరిచి ఫోన్ అడ్డంగా తిప్పితే వస్తుంది)
- రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు
- వాటి అక్షాంశ, రేఖాంశాలు
- ప్రయాణం చేసే తేదీ (ఇదెందుకో 8వ భాగంలో తెలుస్తుంది)

## 1. మీకు కావాల్సింది ఏ దూరం, ఏ సమయం?

దూరాల్లో రెండు రకాలు. భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి పొడవు మొదటిది. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. వెబ్‌సైట్లు చూపించేది ఇదే. విమానం నిజంగా తిరిగిన దూరం రెండోది. ఇది ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది.

సమయాల్లో నాలుగు రకాలు:

- గాల్లో ఉండే సమయం: చక్రాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా.
- బ్లాక్ టైమ్: విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, దిగిన ఊళ్లో గేటు దగ్గర ఆగేదాకా. టికెట్ మీది వేళలు దీని ప్రకారమే వేస్తారు.
- టికెట్ మొత్తం సమయం: మధ్యలో ఆగే ఊళ్లో గడిపే గంటలతో కలిపి.
- గుమ్మం నుంచి గుమ్మానికి: ఇంటి తాళం వేసినప్పటి నుంచి అవతల తలుపు తట్టేదాకా.

ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తుంటే బ్లాక్ టైమ్, అక్కడి గడియారం చాలు. అమ్మానాన్నలను అమెరికా పంపేటప్పుడు ఎన్ని మందులు చేతిసంచిలో పెట్టాలి, ఎన్నిసార్లు తినాలి అని లెక్కేసుకోవాలంటే నాలుగోది కావాలి.

## 2. ముందు కోడ్ సరిచూసుకోండి

ఊరి పేరుతో వెతికితే ఊరి నడిబొడ్డు నుంచి దూరం వచ్చేస్తుంది. అందుకే కోడ్‌తోనే వెతకండి: శంషాబాద్‌కు హెచ్‌వైడీ, గన్నవరానికి వీజీఏ, తిరుపతికి టీఐఆర్, దుబాయ్‌కి డీఎక్స్‌బీ, డాలస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ.

తరచూ బోల్తా కొట్టించేవి ఇవి:

- పాత పట్టికల్లో హైదరాబాద్ అంటే ఇంకా బేగంపేటే. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు మారాయి. ఆ రెండింటి మధ్య నేరుగా కొలిస్తేనే 25 కి.మీ. ఉంది.
- దుబాయ్‌లో డీఎక్స్‌బీ ఒకటి, డీడబ్ల్యూసీ ఇంకొకటి. లండన్‌లో హీత్రో, గాట్విక్ వేరువేరు.
- శాన్ హోసే రెండున్నాయి. కాలిఫోర్నియాలోది ఎస్‌జేసీ, మధ్య అమెరికాలోని కోస్టారికాది ఎస్‌జేఓ. మనవాళ్లు వెళ్లేది దాదాపు ఎప్పుడూ మొదటిదానికే, కానీ వెతుకుడు పెట్టెలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

## 3. అక్షాంశ, రేఖాంశాలను దశాంశాల్లోకి మార్చండి

ఈ మార్గదర్శిలో వాడే అంకెలు:

- హైదరాబాద్: 17.2313 ఉత్తరం, 78.4299 తూర్పు
- విజయవాడ (గన్నవరం): 16.5304 ఉత్తరం, 80.7968 తూర్పు
- ఢిల్లీ: 28.5665 ఉత్తరం, 77.1031 తూర్పు
- దుబాయ్: 25.2528 ఉత్తరం, 55.3644 తూర్పు
- డాలస్: 32.8968 ఉత్తరం, 97.0380 పడమర

కొన్నిచోట్ల 17°14′ అని డిగ్రీలు, నిమిషాల్లో ఇస్తారు. దాన్ని 17.14 అని కొట్టేస్తే తప్పు. నిమిషాలను 60తో భాగించాలి: 14 ÷ 60 = 0.233, అంటే 17.233. ఈ ఒక్క పొరపాటుతో పది కిలోమీటర్లు తేడా పడుతుంది.

పడమర రేఖాంశానికీ, దక్షిణ అక్షాంశానికీ ముందు మైనస్ పెట్టాలి. డాలస్ రేఖాంశం −97.0380.

## 4. దూరం లెక్క: హైదరాబాద్–దుబాయ్

ముందు కాలిక్యులేటర్‌ను పరీక్షించండి. సైన్ 30 నొక్కితే 0.5 రావాలి. −0.988 వచ్చిందంటే అది రేడియన్లలో ఉంది. డిగ్రీలకు మార్చాకే మొదలుపెట్టండి.

ఇక వరుసగా:

1. రేఖాంశాల తేడా: 78.4299 − 55.3644 = 23.0655
2. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.29623 × 0.42661 = 0.12638
3. రెండు అక్షాంశాల కాస్‌లను గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కాస్‌తో గుణించండి: 0.95512 × 0.90443 × 0.92006 = 0.79478
4. రెండూ కూడండి: 0.92116
5. దాని విలోమ కాస్ (కాలిక్యులేటర్‌లో కాస్ పక్కన −1 ఉన్న మీట): 22.904 డిగ్రీలు
6. 111.195తో గుణించండి: 2,547 కి.మీ.

ఐదో మెట్టులో వచ్చిన డిగ్రీలను 60తో గుణిస్తే నాటికల్ మైళ్లు వస్తాయి, 1,374. నాటికల్ మైలు 1.852 కి.మీ., కాబట్టి కి.మీ.లను భాగించి చూసినా 1,375 వస్తుంది. ఒక్క మైలు తేడాను పట్టించుకోనక్కర్లేదు. మామూలు మైలు 1.609 కి.మీ.

ఎక్సెల్‌లో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక: అక్కడి సైన్, కాస్‌లకు డిగ్రీలు తెలియవు. ప్రతి కోణాన్నీ ముందు రేడియన్స్ ఫంక్షన్‌లో వేసి తీయాలి. చివర వచ్చిన అంకెను 111.195తో కాకుండా 6,371తో గుణించాలి.

దగ్గరి ఊళ్లకు వేరే పద్ధతి. పైన చెప్పిన పద్ధతిలో హైదరాబాద్–విజయవాడ చేస్తే నాలుగో మెట్టులో 0.999144 వస్తుంది. దాన్ని నాలుగు దశాంశాలకు కుదించి 0.9991 అని నొక్కారో, జవాబు 270 కి.మీ. అయిపోతుంది. అసలు దూరం 264. ఇలాంటి చోట చదునైన నేల అనుకునే చేయడం మేలు:

- అక్షాంశాల తేడా 0.7009 × 111.2 = 78 కి.మీ.
- రేఖాంశాల తేడా 2.3669 × 111.2 × కాస్ 16.88 (అక్షాంశాల సగటు) = 252 కి.మీ.
- రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 264 కి.మీ.

ఐదారు వందల కిలోమీటర్ల లోపు దీనితోనే పని జరిగిపోతుంది.

## 5. అంకె తేడాగా వస్తే ఎక్కడ చూడాలి?

- డాలస్ 2,550 కి.మీ. అని వచ్చింది. మైనస్ మరిచారు. 97 డిగ్రీల తూర్పు అంటే టిబెట్ పీఠభూమి. తమాషా ఏంటంటే ఈ తప్పు జవాబు అచ్చం దుబాయ్ దూరంలా ఉంటుంది, అందుకే చూడగానే అనుమానం రాదు. సరైన జవాబు సుమారు 14,420 కి.మీ.
- 20,000 కి.మీ. దాటింది. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా అతి దగ్గరి దారి దాదాపు 20,000 కి.మీ. మించదు. గుణించే అంకెనో, కూడికనో మళ్లీ చూడండి.
- ఢిల్లీకి మీకు 1,268, వెబ్‌సైట్‌లో 1,262. తప్పు లేదు. మన లెక్క భూమిని నిండు గుండ్రంగా అనుకుంది. నిజానికి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. ఆ తేడా అర శాతానికి అటూ ఇటూ. టికెట్ కొనేవాళ్లకు అనవసరం.
- మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే ఎక్కువ వస్తోంది. గోడ మీది చదునైన పటంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు గీత గీస్తే ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. అసలు దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి, సుమారు 85 డిగ్రీల అక్షాంశం దాకా వెళ్లి దిగుతుంది. గ్లోబు మీద దారం లాగి చూడండి, వెంటనే అర్థమవుతుంది.

## 6. విమానం నిజంగా తిరిగే దూరం

రన్‌వే ఎటు ఉంటే అటే లేవాలి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు–పడమరలుగా ఉంటాయి. గాలిని బట్టి ఆ రోజు తూర్పుకు లేస్తే, దుబాయ్ విమానం చుట్టు తిరిగి పడమటికి రావాలి. దిగేచోటా ఇంతే, పైగా రద్దీ ఉంటే గాల్లో చక్కర్లు.

దీనికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన కర్బన ఉద్గారాల లెక్కలో వాడే సూత్రం తేలికైనది:

- 550 కి.మీ. లోపు ఉంటే 50 కలపండి
- 550 నుంచి 5,500 దాకా 100 కలపండి
- అంతకు మించితే 125 కలపండి

అలా విజయవాడ 314, ఢిల్లీ 1,368, దుబాయ్ 2,647 కి.మీ. అవుతాయి.

మూసిన గగనతలం ఉంటే ఈ సూత్రం పనికిరాదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసింది. ఇలా జరిగినప్పుడు ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే మన విమానాలు అరేబియా సముద్రం వైపు చుట్టి పోవాల్సి వస్తుంది. అదే దారిలో విదేశీ ఎయిర్‌లైన్‌కు తక్కువ సమయం కనిపిస్తే ఆశ్చర్యపోకండి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆ చుట్టు పెద్దగా తగలదు.

## 7. దూరం నుంచి సమయం

చాలామంది దూరాన్ని 900తో భాగించి ఆగిపోతారు. అందుకే వాళ్ల జవాబు ఎప్పుడూ అరగంటో, ముప్పావుగంటో తక్కువ వస్తుంది. విమానం ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. నేల మీద పాకే సమయం కూడా ఉంది.

పైకెళ్లాక నిలకడ వేగాలు:

- ఏటీఆర్ 72 (రెక్కల మీద పంకాలుండే చిన్న విమానం): గంటకు 480–500 కి.మీ.
- ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 తరహా: 830
- బోయింగ్ 777 తరహా పెద్ద విమానాలు: 890

సూత్రం ఇది: తిరిగే దూరాన్ని వేగంతో భాగించండి. ఎక్కడం, దిగడంలో పోయే వేగానికి జెట్‌కు 10 నిమిషాలు, ఏటీఆర్‌కు 5 కలపండి. నేల మీద పాకడానికి పెద్ద విమానాశ్రయాల మధ్య 25, చిన్నవాటికి 15–20 కలపండి.

ఢిల్లీ: 1,368 ÷ 830 = 1.648 గంటలు. ఇక్కడ ఆగి చూడండి, ఇది గంటా 64 నిమిషాలు కాదు! 0.648ని 60తో గుణించాలి, 39 నిమిషాలు. దానికి 35 కలిపితే 2 గంటల 14 నిమిషాలు.

విజయవాడ, ఏటీఆర్‌లో: 314 ÷ 480 అంటే 39 నిమిషాలు. మరో 20–25 కలిపితే గంటకు అటూ ఇటూ అవుతుంది. 264 కి.మీ.కి గంట! దూరం తగ్గేకొద్దీ నేల మీద పోయే సమయం వాటా పెరిగిపోతుంది.

గాలి. మన దగ్గర చలికాలంలో ఉత్తర భారతం మీద 10–12 కి.మీ. ఎత్తున పడమటి నుంచి జెట్ గాలి వీస్తుంది, గంటకు 150 కి.మీ. దాటడం మామూలే. దుబాయ్ వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక. దారంతా ఆ ఉద్ధృతి ఉండదు కాబట్టి విమానం వేగంలో సగటున 40 తీయండి లేదా కలపండి:

- వెళ్లేటప్పుడు: 2,647 ÷ 790 = 3 గం. 21 ని. + 35 = 3 గం. 56 ని.
- వచ్చేటప్పుడు: 2,647 ÷ 870 = 3 గం. 3 ని. + 35 = 3 గం. 38 ని.

వానాకాలంలో దక్షిణ భారతం పైన ఎత్తులో గాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి ఈ తేడా తగ్గుతుంది. ఢిల్లీ దారి ఉత్తర–దక్షిణాలు కాబట్టి గాలి పక్కనుంచి తగులుతుంది, రానూపోనూ దాదాపు సమానం.

మీ లెక్క కన్నా టికెట్‌లో పది, పదిహేను నిమిషాలు ఎక్కువ కనిపిస్తే అది ఆలస్యాల కోసం ఎయిర్‌లైన్ ముందే కలిపి పెట్టుకున్న అదనపు సమయం. "అరగంట ముందే దించేశారు" అని మనం మురిసిపోయే రోజుల్లో మిగిలేది అదే.

## 8. గడియారం మార్చడం

ఎప్పుడూ నేరుగా ఒక ఊరి టైమ్ నుంచి ఇంకో ఊరి టైమ్‌కు దూకవద్దు. మధ్యలో యూటీసీ అనే విశ్వ సమయానికి దిగి, మళ్లీ ఎక్కండి. మన సమయం దానికన్నా 5:30 ముందు, దుబాయ్ 4:00 ముందు.

వెళ్లేటప్పుడు:

1. హైదరాబాద్‌లో 10:00. దానిలోంచి 5:30 తీస్తే 04:30
2. ప్రయాణం 3:56 కలపండి: 08:26
3. దుబాయ్ కోసం 4:00 కలపండి: 12:26

వచ్చేటప్పుడు: దుబాయ్‌లో రాత్రి 22:00, యూటీసీ 18:00. 3:38 కలిపితే 21:38. మన 5:30 కలిపితే 27:08, అంటే మర్నాడు తెల్లవారుజామున 03:08. టికెట్ మీది అంకెలు చూస్తే ఐదు గంటలు దాటినట్టు ఉంటుంది.

అమెరికాకు తేదీ ఎందుకు కావాలో ఇప్పుడు చూడండి. అక్కడ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా గడియారం గంట ముందుకు జరుపుతారు. డాలస్‌కు మనకు తేడా చలికాలంలో 11:30, ఎండాకాలంలో 10:30. మనమూ, దుబాయ్ గడియారం కదపం. అందుకే ఫిబ్రవరిలో చేసిన లెక్కతో ఏప్రిల్‌లో డాలస్ విమానాశ్రయానికి ఎవరినైనా పంపితే గంట ముందే చేరి ఎదురుచూడాల్సి వస్తుంది.

అర్ధరాత్రి ఉచ్చు. టికెట్‌లో 15వ తేదీ 00:30 అని ఉంటే, 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. 15వ తేదీ రాత్రి వెళ్తే విమానం అప్పటికి ఒక రోజు ముందే వెళ్లిపోయి ఉంటుంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి తర్వాతే ఉంటాయి కాబట్టి ఇది మనకే ఎక్కువ తగిలే దెబ్బ. కుటుంబానికి తేదీ చెప్పేటప్పుడు "14 రాత్రి తెల్లవారితే 15" అని చెప్పండి.

## 9. మధ్యలో ఆగే ప్రయాణం

హైదరాబాద్ నుంచి డాలస్‌కు దుబాయ్ మీదుగా అయితే 2,547 + 12,920 = సుమారు 15,470 కి.మీ. నేరు దారి కన్నా వెయ్యి ఎక్కువ.

దుబాయ్–డాలస్: 125 కలిపి 13,045 కి.మీ. పెద్ద విమానం వేగం 890లోంచి ఎదురుగాలికి 40 తీసి 850తో భాగిస్తే 15 గం. 21 ని. 35 కలిపితే 15 గం. 56 ని. తిరుగు ప్రయాణం 930తో చేస్తే 14 గం. 37 ని.

మొత్తం: 3:56 + దుబాయ్‌లో విరామం 3:30 + 15:56 = 23 గం. 22 ని.

విరామం విషయంలో చూడాల్సినవి:

- రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయా? విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనా రెండోది మీకోసం ఆగదు, డబ్బూ తిరిగి రాదు.
- దిగే టెర్మినల్, ఎక్కే టెర్మినల్ ఒకటేనా?
- డాలస్ నుంచి ఆస్టిన్ లాంటి ఊరికి ఇంకో విమానం ఉంటే, సాధారణంగా డాలస్‌లోనే ఇమిగ్రేషన్ అయి, సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. గంటన్నర విరామం అక్కడ సరిపోదు, మూడు గంటలు పెట్టుకోండి.
- అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే జరిగిపోవచ్చు. అప్పుడు విరామం అక్కడ ఎక్కువ ఉండాలి, అమెరికాలో తక్కువైనా ఫరవాలేదు.

## 10. గుమ్మం నుంచి గుమ్మానికి

బ్లాక్ టైమ్‌కు ఇవి కలపండి:

- ఇంటి నుంచి విమానాశ్రయానికి: కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నుంచి శంషాబాద్‌కు ఔటర్ మీద గంటా పావు
- ముందుగా చేరడం: దేశంలో ప్రయాణానికి 2 గంటలు, విదేశానికి 3 గంటలు
- దిగాక సామానుకు 20–40 నిమిషాలు. విదేశంలో ఇమిగ్రేషన్‌కు ఇంకో గంట
- అక్కడి నుంచి ఇంటికి

ఒకసారి విజయవాడకు వేసి చూడండి. మియాపూర్ నుంచి శంషాబాద్ 1:15, ముందు చేరడం 2:00, విమానం 1:05, సామాను 0:20, గన్నవరం నుంచి ఊళ్లోకి 0:40. మొత్తం 5 గంటల 20 నిమిషాలు. రోడ్డు మీద ఎల్బీనగర్ నుంచి విజయవాడకు కారులో దాదాపు ఐదు గంటలు. హయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉండేవాళ్లు సమయం ఆదా కోసం ఈ విమానం ఎక్కడంలో అర్థం లేదు. సంక్రాంతి ముందు రోజు మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది: పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల వరుస చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.